రెండో ముద్ద

అక్కయమ్మ భోజనానికి కూర్చుంటే కంచం అంచున రెండు ముద్దలు తీసి పెడుతుంది. మొదటిది ఆ ఇంటికి తనకంటే ముందు కోడలుగా వచ్చి చనిపోయిన మునివెంకటమ్మకు. ఆ సంగతి బెంగళూరు కమ్మనహళ్లిలో పాతవాళ్లందరికీ తెలుసు. రెండోది ఎవరికని అడిగితే మాత్రం సూటిగా చెప్పదు. అడిగినవాళ్లు బంధువులైతే ఉండాడులే ఒక పిల్లోడు అంటుంది, అద్దెకుండేవాళ్లయితే ఆ మాటా అనదు. మునివెంకటమ్మకు సంకటి వండితే సంకటి, అన్నం వండితే అన్నం. ఆ రెండోవాడికి మాత్రం ఏ రోజైనా ఉడికించిన అలసందలే. ఇంట్లో అలసందలు నిండుకున్నాయంటే, అవి తెచ్చి ఉడికించేదాకా ఆమె అన్నం ముందు కూర్చోదు.

ఇదేదో మొక్కు అనుకునేరు. మొక్కు కాదు. అక్కయమ్మ ఒక తప్పు చేసింది. చెడ్డ మనిషి చేసిన తప్పయితే తిట్టి ఊరుకోవచ్చు. ఈమె ఎదుటివాడి ఆకలి చూసి తన కంచం జరిపే రకం. అందుకే ఈ కథ చెప్పాలంటే నాకు నోరు రాదు.

అక్కయమ్మది హొసకోట పక్క పల్లె. నాన్న పట్టుపురుగులు మేపేవాడు. ఎనభై ఆరులో ఆమెను కమ్మనహళ్లి చిక్కమునియప్పకు రెండో పెళ్లికిచ్చారు. మొదటి భార్య మునివెంకటమ్మ ద్రాక్షతోటలో పాము కరిచి పోయింది. అప్పటికింకా కమ్మనహళ్లి అంటే తోటలూ, మధ్యలో నాలుగు వీధులూ అంతే. పెళ్లిపీటల మీదే అత్త వచ్చి, అక్కయమ్మ మెడలో నల్లపూసల పక్కన వేలిగోరంత బంగారు బిళ్ల గుచ్చింది. బిళ్ల మీద ఒక ఆడమనిషి బొమ్మ. రెండోసారి వచ్చిన భార్య మెడలో పోయినామె బొమ్మ ఉండాలని వాళ్లలో ఆచారం. కొత్త చీర ముందు ఆ బిళ్లకు తాకించి కట్టుకోవాలి. తొలి ముద్ద ఆమెకు తీసిపెట్టాకే తన నోట్లో పెట్టుకోవాలి. పెద్దామెకు కోపం వస్తే కడుపు నిలవదని అత్త ఆ రోజే చెవిలో చెప్పింది.

కొత్త పెళ్లికూతురికి ఇంతకంటే మంచి ఆశీర్వాదం ఎవరిస్తారు చెప్పండి. మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. రెండో బిడ్డ పదకొండు రోజులు బతికింది. ఎప్పుడో ఆకలికి తాళలేక పెద్దామెకు పెట్టకుండా తిన్నావు, అదే ఇది అన్నది అత్త. అక్కయమ్మ ఎంత గుర్తు చేసుకున్నా అలా తిన్నట్టు తోచలేదు. అయినా ఆ మాట గుండెలో ముల్లులా దిగబడిపోయింది. తొంభైలో హరిణి పుట్టింది. ఈసారి బిడ్డ నిలిచింది. అత్త పోయింది గానీ అత్త పెట్టిన భయం పోలేదు. ప్రతి ముద్దకూ ముందు, అక్కా, నా బిడ్డను నాకు వదులు అని అడిగేది. దండం పెట్టిందే గానీ ఆ మునివెంకటమ్మ ఎలాంటి మనిషై ఉంటుంది, నవ్వితే ఎలా ఉండేది అని ఒక్కసారీ అనుకోలేదు. భయపడేవాళ్లకు అంత తీరిక ఎక్కడిది.

తోటలు లేఅవుట్లయ్యాయి. చిక్కమునియప్ప ఉన్న చోటే పైన మూడు గదులు వేసి అద్దెకిచ్చాడు. ఒక గదిలో గుంటూరు నుంచి వచ్చిన నర్సు రాచెల్. పక్క గదిలోకి తొంభై ఐదు జులైలో ఎత్సే వచ్చాడు. ఘానా దేశం, సముద్రం ఒడ్డున కేటా అనే ఊరు. మందుల చదువు చదవడానికి వచ్చాడు. ఆరడుగుల మనిషి. రెండు బుగ్గల మీదా చిన్నచిన్న గాట్లు, చిన్నప్పుడే పెట్టినవి. వీధిలో కొందరు నల్లోడికి గది ఇచ్చావా అని చిక్కమునియప్పను అడిగారు. అడిగినవాళ్లూ, చిక్కమునియప్పా ఏమన్నా పాల మీగడ రంగా? అందరూ సంకటి కుండ అడుగు రంగే. చిక్కమునియప్ప మాత్రం నవ్వి, మన గుళ్లో గంగమ్మ రంగు యామప్పా అని అడిగి పంపేశాడు.

అక్కయమ్మకు ఆ పిల్లవాడు నచ్చాడు. పొద్దున లేవగానే గది గుమ్మం దగ్గర చెంబుతో రెండు చుక్కల నీళ్లు నేలకు వంచి, ఏవో పేర్లు చెప్పుకొని, అప్పుడు తను తాగేవాడు. పెద్దలకట. చదువుకున్నోడైనా పెద్దల్ని మరవలేదని ఆమె మెచ్చుకుంది. ఆదివారం రాచెల్‌తో పాటు చర్చికీ పోయేవాడు. ఒకరోజు అక్కయమ్మ వాకిట్లో చేటలో అలసందలు ఏరుతుంటే మెట్ల మీద ఆగి, గుప్పెడు తీసుకుని వాసన చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. వాళ్ల ఊళ్లోనూ అవే అలసందలట. అప్పటి నుంచి ఆమె అలసంద గుగ్గిళ్లు చేసినప్పుడల్లా ఒక స్టీలు పళ్లెంలో పెట్టి హరిణి చేత పైకి పంపేది. పిల్ల ఒకసారి పైకి పోతే గంటకు గానీ దిగేది కాదు. కాన్వెంటులో నేర్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, వాడికొచ్చిన నాలుగు కన్నడ ముక్కలతో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో దేవుడికే తెలియాలి. అక్కయమ్మ ఎప్పుడూ ఆ గదిలోకి తొంగిచూడలేదు. మగపిల్లవాడి గదిలోకి పోవడం మర్యాద కాదని ఆమె పద్ధతి. ఒక్కసారి పోయి చూసి ఉంటే ఈ కథే లేదు.

తొంభై ఏడు జనవరిలో హరిణికి జ్వరం వచ్చింది. రెండో రోజు పిల్ల మెడ వంగలేదు, మూడో రోజు కళ్లు పైకి తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. రాచెల్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, పిల్లను చూసి, ఒక్క నిమిషం ఆగనివ్వకుండా ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. మెదడు పొరకు జ్వరం పాకిందన్నారు. నడుములో సూది గుచ్చి నీరు తీశారు. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

ఏడేళ్ల బిడ్డ కూడా కాదు, ఆరు నిండి ఏడు నడుస్తోంది. ఇద్దరు పోయాక నిలిచిన ఒక్కతి. అక్కయమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని తన మెడలోని బిళ్లను పిడికిట్లో పట్టుకుని, అక్కా నేను ఎప్పుడు మరిచినాను, యా పూట మరిచినాను అని అడుగుతూనే ఉంది. గురువారం పొద్దున స్నానానికని ఇంటికి వచ్చినప్పుడు పాపయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు.

ఈ పాపయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఒకప్పుడు వీళ్ల ద్రాక్షతోటలోనే మందు కొట్టేవాడు. తోటలు పోయాక గంగమ్మ గుడి దగ్గర కూర్చుని తాయెత్తులు కట్టడం మొదలుపెట్టాడు. తీగలకు మందు ఎంత కొట్టాలో తెలియక రెండు పంటలు మాడ్చిన మహానుభావుడు, మనుషుల రోగాలు మాత్రం చూపుతోనే చెప్పేసేవాడు. జ్వరం కాదిది, ఎవరో చేయించినారు అన్నాడు. బిడ్డ కట్టిన బట్ట ఎవరి చేతికైనా పోయిందా, ఇంట్లో బొమ్మ యాడైనా ఉండాదా చూసుకోమన్నాడు. అని, కళ్లు మాత్రం మెట్లవైపు తిప్పాడు. ఆఫ్రికావాళ్లు బొమ్మలకు సూదులు గుచ్చుతారని సినిమాలో చూశాడట. సినిమాలు చూసి వైద్యం నేర్చిన మనిషి.

అనుమానం పెనుభూతం అన్నారు. ఎత్సే గదిలో లేడు, కాలేజీకి పోయి ఉంటాడనుకుంది. ఇంటివాళ్ల దగ్గర అన్ని గదులకూ రెండో తాళంచెవి ఉండేది. అక్కయమ్మ దాంతో తలుపు తీసింది.

గదిలో మంచం పక్కన బల్ల. బల్ల మీద చిన్న పీట. పీట మీద జానెడు కొయ్యబొమ్మ, మగపిల్లవాడిది, నిగనిగలాడేటట్టు నూనె రాసి ఉంది. నడుముకు నీలం పూసల మొలతాడు. ముందర స్టీలు పళ్లెంలో ఉడికిన అలసందలు. పళ్లెం తన ఇంటిదే. ఆ బొమ్మ తొడుక్కున్న చొక్కా ఎర్రగుడ్డ మీద పసుపు పూలు. అది హరిణి ఉగాది గౌను గుడ్డ.

ఇంకేం కావాలి? బొమ్మ ఉంది, బిడ్డ బట్ట ఉంది, ముందర తిండి పెట్టి ఉంది. పాపయ్య చెప్పినవన్నీ ఉన్నాయి. బొమ్మకు ఒక్క సూదైనా గుచ్చి ఉందా అని చూడాలన్న ఆలోచన రాలేదు. అన్నిటికంటే విచిత్రం, తన మెడలో వేలాడుతున్న బొమ్మ ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు. పదకొండేళ్లుగా చచ్చిపోయిన మనిషి బొమ్మకు చీర తాకించి, ముద్ద పెట్టి తింటున్న ఆడది, ఇంకొకడు పెట్టుకున్న బొమ్మను చూసి చేతబడి అనుకుంది. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

స్నానానికి నీళ్లు కాచే పొయ్యి పెరట్లో ఉంది. పాపయ్య ఎండు మిరపకాయలూ ఉప్పూ తెచ్చి ఆమె చేతికిచ్చి, తల్లి చేత్తోనే వేయాలన్నాడు. బొమ్మను మంటలో పెట్టేముందు ఆమె దాని ముఖం చూసింది. బుగ్గల మీద గాట్లు ఉన్నాయి, ఎత్సే బుగ్గల మీద ఉన్నట్టే. ఒక్క క్షణం చేయి ఆగింది. ఆసుపత్రిలో తేలేసిన బిడ్డ కళ్లు గుర్తొచ్చాయి. పెట్టేసింది. గట్టి కొయ్య, తొందరగా కాలలేదు. మిరపకాయల ఘాటు కూడా రాలేదని పాపయ్య తలూపి, చూసినావా, ఎంత బలమైన చేతబడో అన్నాడు.

మధ్యాహ్నం ఎత్సే, రాచెల్ కలిసి వచ్చారు. ఇద్దరూ ఆసుపత్రి నుంచే వస్తున్నారు. వాడు కాలేజీ మానేసి పొద్దుటి నుంచి పిల్ల వార్డు బయటే కూర్చున్నాడట, చేతిలో మోసంబీ పండ్ల సంచి అలాగే ఉంది. పైకి పోయాడు. వెంటనే కిందికి వచ్చాడు. పెరట్లో పొయ్యి దగ్గర నిలబడిన అక్కయమ్మను చూశాడు.

"కాల్చేసినాను. నా బిడ్డ మీద పెట్టినావు కదా, కాల్చేసినాను" అన్నది ఆమె.

వాడు అరవలేదు. చేయి ఎత్తలేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, వేడి బూడిదలో వట్టి చేత్తో వెతికాడు. చేయి కాలుతున్నా తీయలేదు. పగిలిన నీలం పూసలు నాలుగో ఐదో దొరికాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని ఆమె వైపు చూసి, తనకొచ్చిన కన్నడంలో నన్న అణ్ణ, అమ్మా అన్నాడు. నా అన్న అని. ఆ తర్వాత ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. రాచెల్ ఏడుస్తూ తెలుగులో చెప్పింది.

వాళ్లు కవల పిల్లలు. ముందు పుట్టినవాడు ఆత్సు, వెనక పుట్టినవాడు ఎత్సే. నాలుగేళ్లప్పుడు ఆత్సు జ్వరంతో పోయాడు. కవలల్లో ఒకడు పోతే, వాళ్లలో కొయ్యతో వాడి బొమ్మ చెక్కించి, ఉన్నవాడితో పాటే పెంచుతారు. ఉన్నవాడికి నీళ్లు పోస్తే వాడికీ పోస్తారు, వీడికి చొక్కా కుట్టిస్తే వాడికీ కుట్టిస్తారు. చేపలు కాల్చి సంతలో అమ్ముకునే ఆ తల్లి, వీపున నిజం బిడ్డను కట్టుకుంటే రొంటిన ఆ బొమ్మను దోపుకుని తిరిగిందట. కొడుకు ఇండియాకు బయలుదేరే రోజున బొమ్మను తన పాత గుడ్డలో చుట్టి ఇచ్చి, ఇద్దరూ జాగ్రత్త, వాడు తిన్నాకే నువ్వు తిను అని చెప్పి పంపిందట.

"వాళ్ల దేశంలో దేవుళ్లని వోడు అంటారంటక్కా" అన్నది రాచెల్. "సినిమాల్లో వూడూ అని సూదులు గుచ్చేది చూపిస్తారే, అది కాదంట. పెద్దలకి నీళ్లు వంచడం, పోయినోళ్లకి అన్నం పెట్టడం, అదే వోడు అంట. నువ్వు చేసేది అదే కదక్కా."

అక్కయమ్మ నమ్మలేదు. నమ్మితే తను చేసిందేమిటో ఒప్పుకోవాలి, అప్పటికి ఆమెకు ఆ శక్తి లేదు. నా బిడ్డ గౌను గుడ్డ యాల పెట్టినాడు, అది చెప్పు అన్నది. ఆ మాటకు ఎత్సే ఏదో చెప్పబోయి, మళ్లీ ఎందుకో ఊరుకున్నాడు. పిల్ల చావుబతుకుల్లో ఉంటే పిల్ల పేరు చెప్పి తప్పించుకోవడం వాడికి చేతకాలేదని తర్వాత తెలిసింది.

పాపయ్య నోరు ఊరుకుంటుందా? సాయంత్రానికి వీధంతా వాకిట్లో ఉంది. చిక్కమునియప్ప ఆసుపత్రిలో ఉన్నాడు, ఆపేవాళ్లు లేరు. రెండో రోజు ఎత్సే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆ గుమ్మం దగ్గర రోజూలాగే రెండు చుక్కల నీళ్లు వంచాడు. మోసంబీ సంచి రాచెల్ తలుపుకు తగిలించి ఉంది.

అదే రోజు హరిణి కళ్లు తెరిచింది. పాపయ్యకు పండగ. ఆసుపత్రిలో ఇచ్చిన సూదిమందుల మాట ఎవరికీ పట్టలేదు. పన్నెండో రోజున పిల్లను ఇంటికి తెచ్చారు. బక్కచిక్కి పుల్లలా ఉంది. సంకటి పిసికి పెడుతుంటే మెట్లవైపు చూసి, ఎత్సే మామ యాడ అని అడిగింది. ఊరికి పోయినాడని చెప్పారు. మరి ఆత్సునూ తీసకపోయినాడా అని అడిగింది.

అక్కయమ్మ చేయి ఆగిపోయింది. ఆత్సు ఎవరు అని అడిగింది, తెలిసీ.

పిల్ల చెప్పుకుంటూ పోయింది. ఆత్సు మామకు అన్న. వాడు తిన్నాకే మామ తింటాడు. క్రిస్మస్‌కు మామ కొత్త చొక్కా కొనుక్కున్నాడు గానీ ఆత్సుకు కొనలేదు, అంత చిన్నది అంగడిలో దొరకలేదు. మామ ముఖం చిన్నబోయింది. ఉగాది గౌను పొడుగైందని అమ్మ కింద కత్తిరించిన ముక్క దిండుగుడ్డల మూటలో ఉంటే తనే తీసి ఇచ్చింది. మామ సూదీదారంతో కుట్టాడు. చేతులు పెట్టేచోటు సరిగా రాకపోతే ఇద్దరూ నవ్వుకున్నారు.

"నువ్వు పెద్దమ్మకు చీర పెట్టల్లేదా, అట్లనే" అన్నది హరిణి.

అక్కయమ్మ కంచం పక్కకు పెట్టి లేచి పెరట్లోకి పోయింది. పొయ్యి దగ్గర కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఇక్కడ కాలిన చేయి కూడా తనది కాదు, ఆ పిల్లవాడిది. ఆమె ఏడ్చిన ఏడుపు హరిణి చచ్చిపోతుందేమో అన్న రోజు కూడా ఏడవలేదు. బిడ్డ పోతే దేవుణ్ణి తిట్టుకోవచ్చు. దీనికి తిట్టుకోవడానికి ఎవరూ లేరు, తను తప్ప. మెడలో బిళ్లను పట్టుకుంటే ఆ రోజు మొదటిసారి ఆమెకు మునివెంకటమ్మ మీద భయం కాకుండా జాలి కలిగింది. ఇరవై రెండేళ్లకు తోటలో ఒక్కతే పడి చచ్చిపోయిన పిల్ల. ఆ పిల్లను ఇన్నాళ్లూ ఒక దయ్యంలా మేపింది. ఆ ఎత్సే తన అన్నను అన్నలా చూసుకున్నాడు.

మరుసటి వారం రాచెల్‌ను వెంటబెట్టుకుని కాలేజీకి పోయింది. గేటు దగ్గర వేపచెట్టు కింద గంటన్నర నిలబడ్డాక ఎత్సే వచ్చాడు. కుడిచేతికి కట్టు ఉంది. అక్కయమ్మ వాడి కాళ్లు పట్టుకోబోతే వెనక్కు జరిగాడు. పాప ఎలా ఉందని అడిగాడు. లేచి తిరుగుతోందని రాచెల్ చెబితే నవ్వాడు. అబద్ధం నవ్వు కాదు, నిజంగానే.

చందనపు కొయ్యతో అంతకంటే మంచిది చెక్కిస్తానని అక్కయమ్మ చెప్పించింది. వాడు తల అడ్డంగా ఊపాడు. చెక్కించవచ్చు గానీ తల్లి ఒళ్లో పెట్టుకుని పేరు పెట్టి పిలవాలట, అప్పుడే అది ఆత్సు. దానికి తల్లికి జరిగింది చెప్పాలి. చెప్పలేనన్నాడు. రాచెల్ మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

"నేను ఇంటికి పోతే గుమ్మం దగ్గర మా అమ్మ రెండు గ్లాసుల నీళ్లతో ఎదురొస్తుంది, రెండో గ్లాసు ఎవరికివ్వమంటారు అని అడుగుతున్నాడక్కా."

మీరు పాప కోసం చేశారు, నాకు తెలుసు అన్నాడు వాడు. క్షమించానని మాత్రం అనలేదు. అనమని ఆమె అడగలేదు. వచ్చేముందు ఒక్కటే అడిగింది, ఆత్సు యా పొద్దు తింటాడు, ఏమేమి తింటాడు అని. మధ్యాహ్నం తింటాడు, అలసందలు, ఉప్పు తక్కువ అన్నాడు ఎత్సే.

ఆ మరునాటి నుంచీ రెండో ముద్ద. తనకు ఆ హక్కు ఉందో లేదో అక్కయమ్మకు తెలియదు. తను తల్లి కాదు, పెట్టిన పేరు తనది కాదు, చూడబోతే వాణ్ణి కాల్చినది తనే. అయినా పెట్టింది. చిక్కమునియప్ప ఒకసారి, వాని అమ్మ ఉండాది కదమ్మే, నువ్వు పెడితే వాడు తింటాడా అని మెల్లగా అడిగాడు. "ఆ యమ్మ నా బిడ్డ తింటా ఉండాడనే అనుకోని ఉంటాది. ఆ మాటన్నా నిలబెట్టల్ల కదప్పా" అన్నది. ఆయన మళ్లీ అడగలేదు. పాపయ్యను మాత్రం వాకిలి తొక్కనివ్వలేదు. వాడూ తొక్కలేదు, వేరే వీధుల్లో గిరాకీ బాగానే ఉంది.

ఎత్సే చదువు ముగించి ఎక్కడికో వెళ్లాడని తెలిసింది. రాచెల్ పెళ్లి చేసుకుని సర్జాపుర వైపు పోయింది. కమ్మనహళ్లిలో తోటల ఆనవాలు కూడా మిగల్లేదు. పై గదుల్లోకి కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు వచ్చారు. జ్వరం వచ్చినప్పుడూ, పెళ్లిళ్లకు పోయినప్పుడూ కూడా అక్కయమ్మ ఒక చిన్న డబ్బాలో ఉడికిన అలసందలు వెంట తీసుకునే పోయేది. చుట్టాలు నవ్వుకున్నారు. నవ్వనీ అన్నది.

రెండువేల ఏడు జనవరిలో హరిణి రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, చదువుతోంది. స్నేహితులను వెతుక్కునే సైట్లో పిల్లలందరూ పేర్లు నమోదు చేసుకుంటున్న రోజులవి. ఎవరికీ చెప్పకుండా అప్పటికే ఆర్నెల్లుగా ఎత్సే పేరు వెతుకుతోంది. చివరికి బుగ్గల మీద గాట్లున్న ఒక ముఖం దొరికింది. నేను హరిణిని, ఎర్రగౌను పిల్లను అని రాసింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్లో దాన్ని కాగితం మీద తీయించుకుని, ఆదివారం మధ్యాహ్నం అమ్మ భోజనానికి కూర్చున్నప్పుడు తెచ్చి చదివింది.

ఎత్సే దుబాయిలో మందుల అంగడిలో పని చేస్తున్నాడు. బెంగళూరు నుంచి నేరుగా అక్కడికే పోయాడు. ఈ పదకొండేళ్లలో ఇంటికి పోలేదు. డబ్బు పంపాడు, ఫోన్లు చేశాడు, సెలవు దొరకలేదని ప్రతి ఏడూ చెప్పాడు. పోయిన ఏడు జనవరిలో అమ్మ చనిపోయింది. చనిపోయే ముందు రోజు చెల్లెలు ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టింది. ఎలా ఉన్నావని అడగలేదు అమ్మ. ఆత్సు తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడమ్మా, ఇప్పుడే తిన్నాడు అని చెప్పాను అని రాశాడు. పోతున్న తల్లికి అబద్ధం చెప్పాను హరిణీ, ఏడాదైంది, నిద్ర పట్టదు. మీ అమ్మకు ఇది చెప్పొద్దు. ఆమె బాధపడుతుంది.

హరిణి ఆ చివరి ముక్క కూడా చదివేసింది. చదివాక తలెత్తలేకపోయింది.

అక్కయమ్మ తన చేతులు చూసుకుంది. ఒక తల్లి కొడుకును మళ్లీ చూసుకోకుండానే పోయింది. ఎవరి వల్ల? ఈ చేతుల వల్ల. పదేళ్లుగా ఆమె లోపల ఎక్కడో ఒక పిచ్చి ఆశ ఉండేది, వాడు ఎప్పుడో ఇంటికి పోయి ఉంటాడు, తల్లి తిట్టి, ఏడ్చి, కొత్త బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఉంటుంది అని. అదీ పోయింది. కంచం అంచున సంకటి ముద్ద ఉంది, పక్కన గుప్పెడు అలసందలు ఉన్నాయి, ఇంకా ఆవిరి పోతోంది.

ఏమి రాయమంటావమ్మా, తప్పయిందని రాయనా అని హరిణి అడిగింది.

"తప్పు సంగతి వానికి తెలుసు. అది వద్దు" అన్నది అక్కయమ్మ. "వాడు వాళ్లమ్మకు అబద్ధం చెప్పలేదని రాయి. ఆ పొద్దు కూడా పెట్టినాను. మధ్యాన్నమే, ఉప్పు తక్కువేసి. యా పొద్దూ తప్పలేదని రాయి."

హరిణి సరే, తిన్నాక పోతాను అన్నది.

"ఇప్పుడే పో తల్లీ. ఏడాదిగా అబద్ధం చెప్పినానని మోస్తా ఉండాడు పిల్లోడు. లెయ్."

పిల్ల చెప్పులేసుకుని పోయింది. అక్కయమ్మ సంకటి ముట్టకుండా ఆ అలసందల వైపే చూస్తూ, తిను నాయనా, మీ అమ్మ అడిగిందంట అన్నది.